కొరియా హోటల్లో అమ్మ

‘ఏం తిన్నావురా?’

ఫోన్ తీయగానే మా అమ్మ తమ్ముణ్ని అడిగే మొదటి మాట ఇదే. ఎలా ఉన్నావు, ఆఫీసు ఎలా ఉంది.. ఇవన్నీ తర్వాత. ముందు తిండి సంగతి తేలాలి. ‘తిన్నానమ్మా’ అంటే ఊరుకోదు. ఏం కూర, ఎవరు వండారు, పెరుగు గట్టిగా ఉందా, నీళ్లు కలిపారా.. అన్నీ చెప్పాలి. పిఠాపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, రాష్ట్రానికి ఆ కొసన ఉన్న పెనుకొండ క్యాంటీన్ని అజమాయిషీ చేస్తుందావిడ.

తమ్ముడు పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజినీరు. యజమానులు కొరియావాళ్లు. గత వేసవిలో ఒకరోజు తిండి సంగతులన్నీ చెప్పాక, మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. కంపెనీ వాణ్ని ఏడాదిపాటు కొరియాకు పంపిస్తోందట. గ్వాంగ్జు అనే ఊళ్లో శిక్షణ. వెళ్లొస్తే జీతం పెరుగుతుంది, హోదా పెరుగుతుంది.

అమ్మ ఒక్క క్షణం ఆగింది. ‘వద్దు’ అంది.

‘ఎందుకమ్మా?’

‘అక్కడ ఏం తింటావు?’

అంతే. ఆ తర్వాత వారం రోజులపాటు తమ్ముడు ఎన్ని చెప్పినా ఆవిడ ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నిలబడింది. ఆ దేశంలో పాముల్ని తింటారని ఎదురింటావిడ చెప్పిందట. పచ్చి చేపలు తింటారని పాలబ్బాయి చెప్పాడట. పెరుగన్నం లేకుండా ఏడాది ఎలా ఉంటాడు, పైగా చలి.. ఇలా రోజుకో కారణం. చివరికి తమ్ముడే ఓ ఉపాయం ఆలోచించాడు. ‘అమ్మా, నువ్వూ అక్కా ఒకసారి ఇక్కడికి రండి. కొరియావాళ్ల హోటల్‌కి తీసుకెళ్తాను. వాళ్లు తినేదేంటో నువ్వే చూడు. నీకు నచ్చకపోతే నేను వెళ్లను’ అన్నాడు.

అమ్మ ఒప్పుకుంది. నచ్చదని ఆవిడకి అంత ధీమా!

శెనగ చేలల్లో కొరియా బోర్డులు

సామర్లకోటలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు పొద్దున్న ధర్మవరంలో దిగాం. మా సామానులో మా బట్టలకంటే తమ్ముడి తిండే ఎక్కువ. కొత్త ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, కాకినాడ కాజాలు. పరీక్ష పెట్టడానికి వెళ్తున్న మనిషి, పాసైతే ఇవ్వడానికి బహుమతులు కూడా వెంట తెచ్చుకున్నట్టుంది.

దారిపొడవునా అమ్మ కారు అద్దంలోంచి చూస్తూనే ఉంది. మా వైపు కాలవలూ, వరిచేలూ, కొబ్బరి చెట్లూ చూసిన కళ్లకి ఆ ఎర్రనేల, రాళ్లగుట్టలూ, వేరుశెనగ చేలూ కొత్త. ‘ఇదీ మన రాష్ట్రమేనా?’ అంది. పెనుకొండ సామాన్యమైన ఊరేం కాదు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది ఇక్కడికే. కోట, గగన్‌మహల్ ఇప్పటికీ ఉన్నాయి.

నాలుగు వందల ఏళ్ల తర్వాత ఆ ఊరికి మళ్లీ దూరదేశాల మనుషులు వచ్చారు. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీ పెట్టడానికి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చింది. దాని వెనకే విడిభాగాల కంపెనీలు, వాటితో పాటు ఇంజినీర్లు, మేనేజర్లు వచ్చారు. మనుషులు వస్తే వాళ్ల ఆకలి రాకుండా ఉంటుందా? హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. గెస్ట్‌హౌస్‌లు, హోటళ్లు తెరిచారు. అంతకు ముందు మద్రాసు దగ్గర జరిగిందీ ఇదే. 1998లో శ్రీపెరుంబుదూరు వైపు హ్యుందాయ్ శాంట్రో కార్లు తయారవడం మొదలయ్యాక చెన్నైలో కొరియా హోటళ్లు వెలిశాయి.

ఈ హోటళ్లు మనకోసం పెట్టినవి కావు. పట్నాల్లో ‘వెరైటీ’ కోసం పెట్టే చైనీస్ రెస్టారెంట్ల లాంటివీ కావు. ఇంటి అన్నం కోసం మొహం వాచిన మనుషుల కోసం పెట్టినవి. డల్లాస్‌లోనో, దుబాయ్‌లోనో మనవాళ్లు ఆంధ్రా మెస్ వెతుక్కున్నట్టే. వాళ్లతో పనిచేసే తమ్ముడి లాంటి కుర్రాళ్లూ, ఫోన్లలో కొరియా సీరియళ్లు చూసే కాలేజీ పిల్లలూ ఆ తర్వాత చేరారు.

పిన్ని హోటలు

ఆ రోజు ఆదివారం. ఆ వారమే ఎందుకంటే, అమ్మ సోమవారం నీసు ముట్టదు. శనివారం అసలే ముట్టదు. పరీక్ష సరిగ్గా జరగాలి కదా!

హోటలు చిన్నది. మేడ కింద ఎనిమిది బల్లలు. గల్లా దగ్గర యాభై దాటిన కొరియావిడ. తమ్ముణ్ని చూడగానే నవ్వింది. వీడు కాస్త వంగి నమస్కారం పెట్టి, ‘ఇమో’ అని పిలిచాడు.

‘ఆవిడ పేరా?’ అడిగింది అమ్మ.

‘కాదమ్మా. ఇమో అంటే పిన్ని. అమ్మ తోడబుట్టిన మనిషి. అక్కడ హోటల్లో వడ్డించే పెద్దావిణ్ని అలాగే పిలుస్తారు.’

అమ్మ ఏమీ అనలేదు. కానీ ఆ మాట విన్నాక కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంది. మా గోదావరి జిల్లాల్లో కూరలమ్మే ఆవిణ్ని కూడా వరస కలిపి పిలవనిదే బేరం మొదలవదు మరి.

ఇమో మా దగ్గరికొచ్చి తమ్ముడితో ఏదో అంది. తమ్ముడు మాకు చెప్పాడు. ‘బాప్ మొగొస్సొయో అంటోంది. అన్నం తిన్నారా అని. వాళ్లు ఎదురుపడితే పలకరించే మాట ఇదే. బాప్ అంటే అన్నం. భోజనాన్ని కూడా బాప్ అనే అంటారు.’

మనం ‘అన్నం తిన్నావా’ అన్నట్టే. ఇడ్లీ తిన్నా, చపాతీ తిన్నా మన ప్రశ్నలో ఉండేది అన్నమే కదా.

ఇక ఏం తెప్పించాలన్నది పెద్ద చర్చ. ఇక్కడ పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలి. కొరియావాళ్లకు పంది మాంసం చాలా ఇష్టం. బల్ల మీదే పొయ్యి పెట్టి, ముక్కల్ని కాల్చుకుని, కత్తెరతో కత్తిరించి, పాలకూర లాంటి పచ్చి ఆకులో చుట్టుకుని తింటారు. కొన్నిచోట్ల గొడ్డు మాంసం కూడా ఉంటుంది. మీకు ఏది పడదో ముందే చెప్పడం మంచిది, వాళ్లేం అనుకోరు. శాకాహారులు ఇంకొంచెం జాగ్రత్త పడాలి. కూరగాయల కూరలా కనిపించే పులుసులో ఎండు చేపలు మరిగించిన నీళ్లు పోస్తారు. మామూలు కిమ్చిలో కూడా ఉప్పులో ఊరేసిన రొయ్యపొట్టో, చేపల నీళ్లో కలుస్తాయి. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. ‘చేప, రొయ్య, గుడ్డు కూడా వద్దు’ అని విడివిడిగా చెప్పాలి.

నాకు బిబిమ్‌బాప్ చెప్పాం. బిబిమ్ అంటే కలపడం. కాలే రాతిగిన్నెలో అన్నం, దానిపైన పాలకూర, క్యారెట్, మొలకలు, పుట్టగొడుగులు తలా ఓ వైపు, నడుమ గుడ్డు, ఓ చెంచా ఎర్రటి కారం ముద్ద. అంతా కలిపేసుకుని తినడమే. తమ్ముడికి సమ్‌గ్యేతంగ్. చిన్న కోడి కడుపులో బంక బియ్యం, వెల్లుల్లి, జిన్సెంగ్ వేరు పెట్టి ఉడికించిన పులుసు. తమాషా ఏమిటంటే, కొరియాలో ఇది మండువేసవిలో తినే వంట. ఒళ్లు వేడెక్కిన రోజుల్లోనే పొగలు కక్కే పులుసు తాగి చెమట పట్టించుకుంటారు. ‘కోడి పులుసు పథ్యంలా ఉంది, మంచిదే’ అంది అమ్మ. మొదటి మార్కు పడింది.

తనకు మాత్రం ‘తెల్లన్నం చాలు’ అంది. అన్నాన్ని ఎవరూ పాడు చెయ్యలేరని ఆవిడ నమ్మకం.

కిమ్చికి ఆవకాయ మార్కులు

చెప్పినవి రాకముందే బల్లంతా గిన్నెలతో నిండిపోయింది. చిన్న చిన్న గిన్నెల్లో ఏడు రకాలు. ‘ఇవి మనం చెప్పలేదే!’ అని కంగారు పడింది అమ్మ. వీటిని బాన్‌చాన్ అంటారు. అన్నంలోకి నంజుళ్లు. వీటికి డబ్బులుండవు. అయిపోతే మళ్లీ వేస్తారు. మన భోజన హోటళ్లలో పప్పూ, చారూ మళ్లీ వడ్డించినట్టు.

అమ్మ ఒక్కో గిన్నె దగ్గరికి తీసుకుని చూసింది. గిన్నెలు స్టీలువి కావడం ఆవిడకి నచ్చింది. పాలకూర తిని, ‘నువ్వుల్ని బాగా వేయించి తీసిన పప్పునూనె’ అంది. మొలకలు తిని, ‘ఉప్పు తక్కువ’ అంది. ఆ తర్వాత ఎర్రటి గిన్నె ముందు ఆగింది. అది కిమ్చి.

ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది. మేమిద్దరం ఆవిడ మొహమే చూస్తున్నాం.

‘ఇందులో రొయ్యపొట్టు ఉంది’ అంది.

ఉప్పాడ నుంచి బుట్టల్లో వచ్చే రొయ్యపొట్టుతో యాభై ఏళ్లు వంట చేసిన మనిషి. ఆ వాసన దాచడం ఎవరి తరం?

ఇమోకి ఈ మాట తమ్ముడు చెప్పగానే ఆవిడ చప్పట్లు కొట్టినంత పని చేసింది. వంటింట్లోంచి ఓ డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. ఉప్పులో ఊరిన బుల్లి రొయ్యలు. అక్కడి నుంచి ఇద్దరి మధ్యా తమ్ముడు దుబాసీ అయ్యాడు. కిమ్చి ఎలా పెడతారో ఇమో చెప్పింది. క్యాబేజీని నిలువునా చీల్చి, ఉప్పేసి రాత్రంతా ఉంచాలి. కడిగి నీళ్లు ఓడ్చాలి. కారం, వెల్లుల్లి, అల్లం, ముల్లంగి, రొయ్యలు కలిపిన ముద్దని ఒక్కో ఆకు మధ్యా పట్టించాలి. అదిమి జాడీలో పెట్టాలి. కొన్నాళ్లకు పులుస్తుంది. పాలు తోడుకున్నట్టే ఇదీను. పెరుగుని పులియబెట్టే జాతి సూక్ష్మజీవులే క్యాబేజీనీ పులియబెడతాయి.

శీతకాలం మొదలయ్యే ముందు, నవంబరు చివర్లో ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ కలిసి చలికాలానికి సరిపడా కిమ్చి పెట్టుకుంటారు. పెట్టినదాంట్లో అందరికీ పంచుతారు. దాన్ని కిమ్‌జాంగ్ అంటారు. 2013లో యునెస్కో దీన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. వంటకాన్ని కాదు, కలిసి పెట్టుకుని పంచుకునే అలవాటుని! ఒకప్పుడు ఆ జాడీల్ని పెరట్లో మెడదాకా పాతిపెట్టేవారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో పెరడు లేదు కాబట్టి కిమ్చి కోసమే ప్రత్యేకంగా మరో ఫ్రిజ్ కొంటున్నారు.

ఇదంతా విని అమ్మ, ‘మన ఆవకాయ రోజులే’ అంది. మా ఇంట్లోనూ అంతే. మామిడికాయలు కొట్టే కత్తి వీధికంతటికీ ఒక్కటే. అది ఎవరింట్లో ఉంటే వాళ్లింట్లోనే ఆడవాళ్లంతా. మూడో రోజు జాడీ తిరగకలిపి, అదే బేసిన్లో వేడన్నం వేసి కలిపి తలా ముద్ద పెట్టేది అమ్మ.

ఇంకో సంగతి. ఆవకాయకీ, కిమ్చికీ ప్రాణమైన మిరపకాయ ఇద్దరిదీ కాదు. అమెరికా ఖండంలో పుట్టిన పంట అది. పోర్చుగీసు ఓడలు మన తీరానికి తెచ్చింది 16వ శతాబ్దంలో. కొరియాకు చేరిందీ ఇంచుమించు ఆ కాలంలోనే. అక్కడి 1614 నాటి పుస్తకంలో మిరప ప్రస్తావన ఉంది. కిమ్చిలో కారం వేయడం గురించి 1766 నాటి గ్రంథంలో కనిపిస్తుంది. అంతకుముందు వాళ్ల కిమ్చి తెల్లది. మన వంటల్లో కారమంటే మిరియాలే. ఇవాళ ‘మా కారం’ అంటే ‘మా కారం’ అని రెండు జాతులూ మీసం మెలేస్తున్నాయి!

‘కారం సరిపోయింది. పులుపు ఇంకాస్త ఉండాలి’ అని తీర్పు చెప్పింది అమ్మ. అప్పటికి ఆవిడ గిన్నె ఖాళీ. ఇమో మళ్లీ నింపింది.

అన్నంలో నిలబడిన చెంచా

తెల్లన్నం మూత పెట్టిన స్టీలు గిన్నెలో వచ్చింది. మూత తీసి చూసి, ‘ముద్దయిపోయింది. గంజి వార్చలేదా?’ అంది అమ్మ. వాళ్ల బియ్యమే పొట్టిగా, బంకగా ఉంటాయి. పుల్లలతో ఎత్తుకోవాలి కాబట్టి అతుక్కుంటేనే వాళ్లకు సుఖం. మన సోనామసూరి పుల్లల్లోంచి జారిపోతుంది. అయితే కొరియావాళ్లు అన్నాన్ని ఎక్కువగా చెంచాతోనే తింటారు. లోహపు పుల్లలు నంజుళ్లకి.

అందరికీ వచ్చేసింది. నాకు ఆకలిగా ఉంది. నేను కలపడం మొదలుపెట్టబోతే తమ్ముడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ‘అమ్మ మొదలుపెట్టాక’ అన్నాడు. బల్ల దగ్గర అందరికంటే పెద్దవాళ్లు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్లు ముట్టకూడదు. అది అక్కడి పద్ధతి. వాళ్ల మేనేజర్లతో తిని తిని వీడికి అలవాటైపోయిందట. ఇంట్లో అమ్మ వడ్డిస్తుండగానే సగం తినేసే వెధవ, కొరియావాళ్ల పుణ్యమా అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు!

అమ్మ మొహంలో ఆ నవ్వు నేను చూశాను. రెండో మార్కు.

నాలుగు ముద్దలయ్యాయి. కళ్లజోడుకి ఆవిరి పట్టింది. తుడుచుకోవడానికి అమ్మ చెంచాని అన్నంలో నిలువుగా గుచ్చింది.

అటుగా వెళ్తున్న ఇమో ఆగింది. నవ్వుతూనే, చాలా నెమ్మదిగా, ఆ చెంచా తీసి గిన్నె పక్కన పెట్టింది. అమ్మ చేతి మీద ఒకసారి తట్టి వెళ్లిపోయింది.

‘ఏంట్రా, తప్పు చేశానా?’

తమ్ముడు తటపటాయించాడు. ‘తప్పేం కాదమ్మా. అలా అన్నంలో చెంచా నిలబెట్టేది.. పోయినవాళ్లకి పెట్టేటప్పుడు. ఏడాదికోసారి వాళ్లు పోయిన తిథికి ఇంట్లో జెసా అని చేస్తారు. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ వండి, తెల్లన్నం గిన్నెలో చెంచా గుచ్చి, దణ్ణం పెట్టుకుని కాసేపు బయటికి వెళ్తారు. వాళ్లొచ్చి తింటారని.’

అమ్మ కళ్లజోడు పెట్టుకోలేదు. చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

మాది పాదగయ ఉన్న ఊరు. గయాసురుడి తల బీహారు గయలో, నాభి ఒడిశా జాజ్‌పూర్‌లో, పాదాలు పిఠాపురంలో పడ్డాయని మనవాళ్ల నమ్మకం. కుక్కుటేశ్వరుడి గుడి కోనేటి దగ్గర పిండప్రదానాలు చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. బియ్యం, నువ్వులు, దర్భలు, కాకుల కోసం ఎదురుచూపులు.. చిన్నప్పటి నుంచీ మేం చూస్తూ పెరిగినవే. నాలుగేళ్ల క్రితం నాన్న పోయాక మేమూ ఆ మెట్ల మీద కూర్చున్నాం.

‘మాఘమాసంలో వీడు అక్కడుంటాడు కదా’ అంది అమ్మ, నావైపు చూసి. వాడివైపు కాదు.

అప్పుడు అర్థమైంది నాకు. పాములూ కాదు, పచ్చి చేపలూ కాదు. పెరుగూ కాదు. ‘ఏం తింటావు’ అని ఆవిడ అడుగుతున్నది వాడి గురించి ఒక్కటే కాదు. మాఘంలో నాన్న తద్దినం. ఆ రోజు కొడుకు ఊళ్లో ఉండడు. నాన్నకి ఎవరు పెడతారు? ఈ మాట నేరుగా అంటే, కొడుకు ఎదుగుదలకి అడ్డం పడినట్టవుతుంది. అందుకని వారం రోజులుగా ఆవిడ తిండి మీద నెపం పెట్టి తిరుగుతోంది.

తమ్ముడికీ అర్థమైంది. వాడు తల దించుకున్నాడు. ‘నాకూ గుర్తుందమ్మా’ అన్నాడు, అంతే.

అక్కడ కాకులుంటాయా?

మా బల్ల దగ్గర మాటలు ఆగిపోవడం ఇమో గమనించినట్టుంది. వచ్చి, తమ్ముడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. వాడికి వచ్చిన కొరియా, ఆవిడకి వచ్చిన నాలుగు తెలుగు ముక్కలు, ఫోన్లో అనువాదం.. అన్నీ కలిపి సంగతి చెప్పాడు. ఆవిడ చాలాసేపు ఊఁ కొడుతూ విన్నది. తర్వాత ఆవిడ చెప్పింది వాడు మాకు చెప్పాడు.

వాళ్ల నాన్నగారి జెసా ఊళ్లో వాళ్ల అన్నయ్య చేస్తాడట. మామూలుగా కొడుకులే చేయాలి. ఆడపిల్లలు వంట చేస్తారు. ఈవిడ ప్రతి ఏడూ ఆ రోజుకి వెళ్లొచ్చేది. కరోనా వచ్చిన ఏడాది విమానాలు ఆగిపోయాయి. వెళ్లలేకపోయింది. ఆ రాత్రి హోటలు మూసేశాక, ఇదిగో ఈ బల్ల మీదే, కాగితం మీద నాన్న పేరు రాసి నిలబెట్టి, దొరికిన వాటితో వండి, అన్నం గిన్నెలో చెంచా గుచ్చి దణ్ణం పెట్టుకుందట. కొరియా బియ్యం అయిపోయాయి. ఇక్కడి బియ్యమే వండింది.

‘వస్తాడా అంత దూరం?’ అని అమ్మ అడగమంది.

ఇమో నవ్వింది. కారులో కాదు కదా వచ్చేది, అందట.

అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది. మా బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి మాట ఒకరికి రాకుండానే, చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు.

నేను తర్వాత క్యాలెండర్లు తిరగేస్తే ఒక సంగతి కనిపించింది. కొరియావాళ్ల పెద్ద పంటల పండగ చుసొక్. వాళ్ల చాంద్రమానంలో ఎనిమిదో నెల పున్నమి. ఆ రోజు కొత్త బియ్యంతో వండి పెద్దలకు పెడతారు, సమాధుల దగ్గర గడ్డి కోసి శుభ్రం చేస్తారు. చాలా ఏళ్లలో అది మన భాద్రపద పున్నమి రోజే వస్తుంది. 2022లో సెప్టెంబరు 10న, 2023లో సెప్టెంబరు 29న రెండూ ఒకే రోజు. దాని మర్నాటి నుంచి మనకు మహాలయ పక్షాలు. అదే చందమామ కింద అక్కడ వాళ్లూ, ఇక్కడ మనమూ పెద్దలకు అన్నం పెట్టుకుంటున్నాం.

‘పెరుగు లేదా?’ అని చివర్లో అమ్మ అడగనే అడిగింది. లేదు. కొరియా సంప్రదాయ భోజనంలో పెరుగుకి చోటు లేదు. దానికి బదులు ఇమో ఓ గిన్నె తెచ్చి పెట్టింది. అడుగంటిన అన్నం చెక్కలో వేడినీళ్లు పోసి మరిగించినది. సుంగ్న్యుంగ్ అంటారు. భోజనం అయ్యాక కడుపు చల్లబడ్డానికి తాగుతారు. అమ్మ ఒక గుక్క తాగి, ‘మాడు గంజి’ అంది. ‘మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండినప్పుడు అడుగున ఉండేది. ఆ మాడు కోసం మేం నలుగురం కొట్టుకునేవాళ్లం. ఎన్నాళ్లయిందో’ అంది. గిన్నె ఖాళీ చేసింది. గ్యాసు పొయ్యిలూ, కుక్కర్లూ వచ్చి మన వంటింట్లోంచి ఎప్పుడో వెళ్లిపోయిన రుచి, ఆవిడకి పెనుకొండలో కొరియావాళ్ల హోటల్లో దొరికింది.

బిల్లు రెండు వేలు దాటింది. తెల్లన్నం తిన్నందుకు ఇంతా అని అమ్మ గొణిగింది. లేచేముందు మాత్రం తమ్ముణ్ని అడిగింది.

‘ఒరేయ్, అక్కడ కాకులుంటాయటా? పిన్నిని అడుగు.’

వాడు అడిగాడు. ఉంటాయట. కాకపోతే అక్కడ కాకిని అంత మంచి పక్షిగా చూడరట, పక్కనే తిరిగే నలుపూ తెలుపూ పిట్టంటేనే వాళ్లకి ఇష్టమట. అది కూస్తే మంచి కబురు వస్తుందంటారు.

‘ఏదో ఒకటి. ఆ రోజు పొద్దున్నే స్నానం చేసి, కాస్త అన్నం వండి, నువ్వులు కలిపి బయట గట్టు మీద పెట్టు. ఏ పిట్ట తిన్నా సరే. తిరిగొచ్చాక పాదగయలో పద్ధతిగా పెడుదువుగాని. అమెరికా నుంచి వచ్చి ఆలస్యంగా పెట్టుకునే వాళ్లని చూడ్డంలా?’ అంది.

అంటే వెళ్లమన్నట్టే కదా? తమ్ముడు నావైపు చూశాడు. నేను తల ఊపాను. ఇద్దరం పైకి ఏమీ అనలేదు. మా అమ్మ ‘సరే’ అని నోటితో అనదు. పనులు చెప్పడం మొదలుపెడుతుంది.

మర్నాడు తిరుగు ప్రయాణం. స్టేషనుకి వెళ్లే దారిలో కారు ఆ హోటలు ముందు ఆపించింది. తమ్ముడి కోసం తెచ్చిన ఆవకాయలోంచి ఓ సీసా తీసి, రెండు చేతులతో పట్టుకుని లోపలికి వెళ్లింది. రెండు చేతులతో ఇవ్వడం కొరియా మర్యాదని ఎవరూ ఆవిడకి చెప్పలేదు. పెద్దవాళ్లకి మనమూ అలాగే ఇస్తాం.

తమ్ముడు ఆగస్టులో గ్వాంగ్జు వెళ్లాడు. మాఘమాసంలో వాడు పంపిన ఫొటో అమ్మ ఫోన్లో ఇంకా ఉంది. మంచు పేరుకున్న గోడ. దాని మీద స్టీలు గిన్నెలో అన్నం, పక్కనే చిటికెడు ఆవకాయ. నాన్నకి ఆవకాయ లేనిదే ముద్ద దిగేది కాదు. ఏ పిట్ట వచ్చిందో ఫొటోలో లేదు. మర్నాడు చూస్తే గిన్నె ఖాళీ అని మాత్రం రాశాడు.

అమ్మ ఆ సాయంత్రం ఫోన్ చేసింది. ‘ఏం తిన్నావురా?’ అని అడిగింది.